‘ఓటీపీ ఎవరికి చెప్పావు?’ అని అడిగే ముందు ఒక చెట్టు గీయండి

ఖాతాలో డబ్బు పోయిందని ఎవరైనా చెప్పగానే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒకటే: ‘ఓటీపీ ఎవరికి చెప్పావు?’ బ్యాంకు కౌంటర్ దగ్గరా అదే, ఇంట్లోనూ అదే, సెల్ షాపులోనూ అదే. చూడ్డానికి అది ప్రశ్నే గానీ, లోపల తీర్పు ఉంది. పోగొట్టుకున్న మనిషే ఏదో చెప్పి ఉండాలి, ఏదో నొక్కి ఉండాలి అని ముందే తేల్చేస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. అలా ముందే తేల్చేయడం సరికాదు. ఎందుకు సరికాదో లెక్క కట్టి చూపించే సాధనం ఒకటి కంప్యూటర్ సైన్స్‌లో పాతికేళ్లుగా ఉంది. పేరు ఎటాక్ ట్రీ. మనం దాడి చెట్టు అందాం. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పెన్నూ కాగితం చాలు. ఇన్నాళ్లూ సెక్యూరిటీ కంపెనీల గోడల మీదే ఉన్న ఈ బొమ్మ మామూలు ఫోన్ రివ్యూల్లోకి, బ్యాంకుకిచ్చే ఫిర్యాదుల్లోకి రావాలన్నది నా వాదన.

నేను అనంతపురంలో ఉండి ఫోన్ల గురించి రాస్తాను కాబట్టి ఈ విషయం నాకు దూరంగా అనిపించదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన ఇక్కడిది. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇంటికొచ్చే రూపాయలన్నీ దాదాపు ఖాతాలోకే వస్తాయి. ఇన్‌పుట్ సబ్సిడీ, పంటల బీమా, ఉపాధి హామీ కూలి, పీఎం కిసాన్ కింద 2,000 చొప్పున మూడు విడతలు, బెంగళూరులో పనికి పోయిన కొడుకు పంపేది, అన్నీ అక్కడే. ఫోన్ కొనేది ఆ కొడుకు, వాడేది ఊళ్లో ఉన్న నాన్న. ఆ ఖాతా ఖాళీ అయితే పోయేది వచ్చే కారుకు విత్తనాల డబ్బు. అలాంటప్పుడు ‘నువ్వే ఏదో చేసి ఉంటావు’ అనేసి పంపేస్తే ఆ మనిషికి ఇంకో తలుపు ఉండదు.

దాడి చెట్టు అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే ఇది తలకిందులుగా గీసిన చెట్టు. పైన దొంగ గురి రాస్తాం. ఉదాహరణకు, ‘ఈ ఖాతాలో డబ్బు తీయాలి’. దాని కింద ఆ గురి చేరడానికి ఉన్న దారులు కొమ్మలుగా గీస్తాం. ఒక్కో కొమ్మను ఇంకా చిన్న పనులుగా విడగొడతాం. ఇక విడగొట్టలేని చిన్న పని దగ్గర ఆగుతాం. దాన్ని ఆకు అంటారు.

కొమ్మలు రెండు రకాలు. మొదటిది ‘ఏదో ఒకటి చాలు’ రకం. కింద ఉన్న దారుల్లో ఒక్కటి దొరికినా దొంగ పని అయిపోతుంది. రెండోది ‘అన్నీ కావాలి’ రకం. కింద ఉన్న పనులన్నీ పూర్తయితేనే పైకి ఎక్కగలడు. ఒక్కటి మనం ఆపినా ఆ కొమ్మ అక్కడితో ఎండిపోతుంది.

దీన్ని ‘ఫార్మల్ మోడల్’ అనడానికి కారణం ఈ రెండు రకాలే. రంగురంగుల పోస్టర్ అయితే చూసినవాళ్లు తలా ఒక అర్థం తీస్తారు. ఇక్కడ లెక్కకు నియమం ఉంది. ప్రతి ఆకుకూ ఎంత కష్టమో ఒక అంకె ఇస్తే, ‘అన్నీ కావాలి’ దగ్గర కూడాలి, ‘ఏదో ఒకటి చాలు’ దగ్గర అన్నిటికంటే చిన్న అంకె తీసుకోవాలి. ఒకే చెట్టు, అవే అంకెలు ఇస్తే ఎవరు చేసినా ఒకే జవాబు వస్తుంది.

ఈ ఆలోచనకు మూలం యంత్రాల భద్రతలో ఉంది. 1962లో బెల్ ల్యాబ్స్‌లో మినిట్‌మ్యాన్ క్షిపణి ప్రయోగ వ్యవస్థ ఎలా చెడిపోవచ్చో తెలుసుకోవడానికి ‘ఫాల్ట్ ట్రీ’ తయారుచేశారు. చెడిపోవడం బదులు ‘ఎవడో కావాలని చెడగొట్టడం’ పెట్టి, దీన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పినవాడు బ్రూస్ ష్నయర్. 1999 డిసెంబర్‌లో డాక్టర్ డాబ్స్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో ఆయన ఇనప్పెట్టె తెరవడాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. మనం మన ఊరి ఉదాహరణ తీసుకుందాం.

మొదటి చెట్టు: వేలిముద్ర

బ్యాంకు శాఖ దూరంగా ఉన్న ఊళ్లలో డబ్బు తీసేది బ్యాంకు మిత్ర దగ్గర, వేలిముద్ర పెట్టి. దీన్ని ఏఈపీఎస్ అంటారు. ఆధార్ నంబర్ చెప్పాలి, బ్యాంకు పేరు చెప్పాలి, వేలు పెట్టాలి. కార్డు లేదు, పిన్ లేదు, ఓటీపీ అంతకన్నా లేదు. చదువు రానివాళ్లకు ఇది నిజంగా మేలు చేసిన పద్ధతి, దాన్ని నేను కాదనట్లేదు. ఇప్పుడు దొంగ వైపు నుంచి గీద్దాం.

గురి: ఏఈపీఎస్ ద్వారా ఈ ఖాతాలో డబ్బు తీయడం — అన్నీ కావాలి
— ఆధార్ నంబర్ తెలియాలి
— ఏ బ్యాంకులో ఖాతా ఉందో తెలియాలి
— వేలిముద్ర నకలు ఉండాలి
— వేలిముద్ర తీసుకునే యంత్రం, దానికి ఒక ఏజెంట్ ఐడీ ఉండాలి

చూస్తే బలంగానే ఉంది. నాలుగూ కావాలి కదా! నచ్చజెప్పడానికి నేనే కొన్ని అంకెలు వేస్తాను, ఇవి కొలిచినవి కావు. ఆధార్ నంబర్ ఏ జిరాక్స్ షాపులోనైనా కనబడుతుంది, దానికి 2. ఊరి చుట్టూ ఉన్న బ్యాంకులు రెండో మూడో, వరసగా ప్రయత్నించొచ్చు, దానికి 1. మనిషి చేయి పట్టుకుని వేలిముద్ర తీయడం చాలా కష్టం, దానికి 9. యంత్రం, ఐడీ సంపాదించడానికి 4. మొత్తం 16.

ఇప్పుడు జరిగిన సంగతి చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 32ఏ సెక్షన్ ప్రకారం ఆస్తి పత్రాల మీద పార్టీల ఫోటోలు, వేలిముద్రలు ఉంటాయి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ డీలర్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి అలాంటి పత్రాలు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపుల్లాంటి అచ్చులు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అతనికి కావాల్సింది సిమ్‌ల టార్గెట్ పూర్తవడం. కానీ ఆ దారి తెరుచుకుంది. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ భూముల పత్రాల్లోని వేలిముద్రలతో నేరుగా ఏఈపీఎస్ ఖాతాల్లోంచే డబ్బు తీసింది.

చెట్టులో ఏం మారిందో గమనించండి. ఆధార్ నంబర్, వేలిముద్ర, ఈ రెండూ వేర్వేరు ఆకులు అనుకున్నాం. అవి ఒకే కాగితం మీద ఉంటే ఒకే ఆకు అయిపోతాయి. పత్రం దించుకోవడానికి 1, అచ్చు పోయడానికి 2, బ్యాంకు పేరుకు 1, యంత్రానికి 4. మొత్తం 8. తాళాలు నాలుగున్నా కష్టం సగానికి పడిపోయింది. పైగా ఒకే యంత్రంతో వంద మంది ఖాతాలు తీయొచ్చు కాబట్టి ఒక్కో మనిషి మీద పడే ఖర్చు ఇంకా తక్కువ. ‘మూడు రకాల గుర్తింపు అడుగుతున్నాం, సేఫ్’ అని చెప్పే ఏ వ్యవస్థనైనా అడగాల్సిన ప్రశ్న ఇదే: ఆ మూడూ వేర్వేరు చోట్ల దొరుకుతాయా, ఒకే చోట దొరుకుతాయా?

ఇంకో మాట. ఈ చెట్టు మొత్తంలో రైతు చేసిన పని ఏదైనా ఉందా? లేదు. ఆయన పొలం కొన్నాడో అమ్మాడో, సంతకం పెట్టమంటే పెట్టాడు, వేలు పెట్టమంటే పెట్టాడు, అంతే. ఫోన్ లేని మనిషి డబ్బు కూడా ఇలా పోతుంది. ఇక ‘ఓటీపీ ఎవరికి చెప్పావు?’ అనే ప్రశ్నకు ఇక్కడ చోటెక్కడ?

ఏ కొమ్మ ఎవరి చేతిలో ఉంది?

చెట్టు గీశాక వచ్చే అసలు లాభం ఇది. ప్రతి ఆకు పక్కనా ‘దీన్ని నరకగలిగేది ఎవరు?’ అని రాయండి.

పత్రాల్లో వేలిముద్ర, ఆధార్ కనబడకుండా చేయగలిగేది రిజిస్ట్రేషన్ శాఖ. రబ్బరు అచ్చునూ బతికున్న వేలినీ తేడా పట్టగలిగేది యూఐడీఏఐ. వేలి గీతల బిందువులతో పాటు వేలి చిత్రాన్ని కూడా సరిచూసే పద్ధతి తెచ్చామని అది 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఏజెంట్ ఐడీలు ఎవరికి ఇస్తున్నారో చూడాల్సింది బ్యాంకు. ఖాతాదారు చేతిలో ఉన్న గొడ్డలి ఆధార్ బయోమెట్రిక్ లాక్.

ఆ లాక్ మంచిదే. ‘అన్నీ కావాలి’ కొమ్మ కాబట్టి ఒక్క ఆకు మూస్తే మొత్తం మూతపడుతుంది. కానీ రేషన్ షాపులో ఈ-పాస్ యంత్రం మీద పెట్టేదీ అదే వేలు. బియ్యం తెచ్చుకోవాలంటే లాక్ తీయాలి, మళ్లీ వేయాలి. దానికి ఆధార్‌కు లింకైన నంబర్, ఓటీపీ కావాలి. నాలాంటోడికి అది అర నిమిషం పని. కీప్యాడ్ ఫోన్ ఉన్న పెద్దాయనకు అది మండల కేంద్రానికి ఒక ప్రయాణం. అందరికంటే పేదవాడి చేతికి అందరికంటే బరువైన గొడ్డలి ఇచ్చి, నరకలేదేం అని అడగడం న్యాయం కాదు.

రెండో చెట్టు: వాట్సాప్‌లో వచ్చే ఏపీకే

ఇది పూర్తిగా ఫోన్ చెట్టు. పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో, బ్యాంకు కేవైసీ పేరుతోనో వాట్సాప్ గ్రూపుల్లో ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయని పోలీసులు పదేపదే హెచ్చరిస్తున్నారు.

గురి: ఖాతాదారు ఓటీపీ దొంగకు తెలియాలి — ఏదో ఒకటి చాలు
ఒకటి: ఫోన్ చేసి మాటలతో చెప్పించుకోవడం
రెండు: నకిలీ సిమ్ తీసుకోవడం
మూడు: ఏపీకే ద్వారా ఎస్సెమ్మెస్ చదవడం — అన్నీ కావాలి
— ఫైల్ ఫోన్‌కు చేరాలి
— ‘తెలియని యాప్‌లు’ ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఉండాలి
— ప్లే ప్రొటెక్ట్ అడ్డుకోకూడదు
— యాప్‌కు ఎస్సెమ్మెస్ అనుమతి దొరకాలి

‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అని టీవీలో, పోస్టర్ల మీద చెప్తున్నారు కదా. ఆ సలహా నరికేది మొదటి కొమ్మ ఒక్కదాన్నే. రెండోది, మూడోది అలాగే పచ్చగా ఉంటాయి. మూడో దారిలో ఓటీపీ ఫోన్‌కు వస్తుంది, యాప్ చదివేస్తుంది, మనిషికి తెలియనే తెలియదు. ‘నేను ఎవరికీ చెప్పలేదు సార్’ అని ఆ మనిషి అంటే అది అబద్ధం కానక్కర్లేదు. చెట్టు ముందు పెట్టుకుంటే ఆ మాట నమ్మదగిందే అని ఎదుటివాళ్లకూ అర్థమవుతుంది.

ఇక్కడే ఫోన్ రివ్యూ పని మొదలవుతుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ‘తెలియని యాప్‌లు’ అనుమతి ఫోన్ మొత్తానికి కాకుండా ఒక్కో యాప్‌కు విడిగా అడుగుతుంది. వాట్సాప్‌కు ఆ అనుమతి ఇవ్వకపోతే అక్కడి ఏపీకే ఇన్‌స్టాల్ కాదు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13, బయటి నుంచి ఎక్కించిన యాప్‌లు యాక్సెసిబిలిటీ అనుమతి తీసుకోకుండా అడ్డం పెట్టింది. ఎస్సెమ్మెస్ చదివే అనుమతి కోరే బయటి యాప్‌లను ప్లే ప్రొటెక్ట్ నేరుగా ఆపేసే పద్ధతిని గూగుల్ 2024 ఫిబ్రవరిలో సింగపూర్‌లో మొదలుపెట్టి, అదే ఏడాది మన దేశానికీ ప్రకటించింది. అంటే ఒక్కో వెర్షన్ ఒక్కో ఆకును కోస్తోంది. ‘పాత ఆండ్రాయిడ్ అయితే ఏం, యూట్యూబ్ వస్తుంది కదా’ అనేవాళ్లకు నా జవాబు ఈ చెట్టే.

చెట్టు కాదు, మర్రిమాను

ఒక్క ఫోన్‌కు చెట్టు సరిపోతుంది. బ్యాంకు సర్వర్లంత పెద్దదైతే చాలదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. వెయ్యికి పైగా ఊడలు దిగి, ఏది అసలు మొదలో ఏది ఊడో చెప్పలేనట్టు ఉంటుంది. 1989లో గిన్నిస్ రికార్డుకెక్కిన మాను అది. పెద్ద నెట్‌వర్క్ కూడా అంతే. ఒక మెషిన్ నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మూడోదానికి, ఒకే చోటికి పది దారులు. దీన్ని గీసేదాన్ని ఎటాక్ గ్రాఫ్ అంటారు. చేత్తో గీయడం కుదరదు కాబట్టి 2002లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జెనెట్ వింగ్ తదితరులు ప్రోగ్రామే దాన్ని గీసే పద్ధతి చూపించారు. అందులో అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: అన్ని దారులూ తెగాలంటే కనీసం ఎన్ని ఊడలు నరకాలి?

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కేసు దీనికి మంచి పాఠం. 2022 జనవరిలో అక్కడ 12 కోట్లకు పైగా సొమ్ము మాయమైంది. పోలీసులు ఆ మార్చిలో చెప్పిన వివరాలు వరసగా పెడితే: 2021 నవంబర్‌లో ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు క్లిక్ చేశారు. దాంతో దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ట్రోజన్ లోపలికి వచ్చింది. నెట్‌వర్క్‌ను భాగాలుగా విడగొట్టలేదు, సర్వాధికారాలున్న సూపర్ యూజర్లు పది మంది దాకా ఉన్నారు. డబ్బు వందకు పైగా ఖాతాల్లోకి, అక్కడి నుంచి మరో నాలుగు వందల దాకా ఖాతాల్లోకి పోయింది. దేశమంతా 900కు పైగా ఏటీఎంలలో బయటికొచ్చింది.

‘ఇద్దరు క్లిక్ చేశారు కాబట్టి పోయింది’ అనడం చాలా తేలిక. గ్రాఫ్ అలా చెప్పదు. 200 మెయిళ్లలో ఒక్కటీ క్లిక్ కాకుండా ఉండడం ‘ఏదో ఒకటి చాలు’ కొమ్మను కాపాడటం లాంటిది, రోజూ గెలవాలి. నెట్‌వర్క్‌ను విడగొట్టడం అన్ని దారులూ కలిసే ఒక్క చోట నరకడం, ఒక్కసారి చేస్తే చాలు. రిజర్వ్ బ్యాంకు 2023లో జరిమానా వేసింది క్లిక్ చేసిన ఉద్యోగులకు కాదు, బ్యాంకుకు. 65 లక్షలు. ఖాతాదారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం క్లిక్ దగ్గరే ఆగిపోతున్నాం.

మీకు రాగల సందేహాలు

‘మనం గీయని కొమ్మ మీదే దొంగ ఎక్కితే?’ నిజమే. రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ అనే ఆకును 2018కి ముందు ఎంతమంది గీసి ఉంటారు? చెట్టు మనకు తెలిసినంతే చెప్తుంది. అందుకే కొత్త మోసం బయటపడిన ప్రతిసారీ కొత్త కొమ్మ చేర్చాలి. మైటర్ సంస్థ 2013లో మొదలుపెట్టి 2015లో అందరికీ తెరిచిన ‘అటాక్’ జాబితా చేసేది అదే పని. నిజంగా జరిగిన దాడుల్లోని ఎత్తుగడలను ఒక్కచోట చేర్చి పెడుతుంది. సలహాల జాబితాకు ఈ గుణం లేదు. పది సలహాలు పాటించినా పదకొండోది ఎక్కడ ఉందో అది చెప్పదు.

‘ఇలా గీసి చూపిస్తే దొంగలకు దారి చెప్పినట్టు కాదా?’ వాళ్లకు ఆ దారి ఎప్పుడో తెలుసు. తెలియనిది మనకే.

ఇక చేయాల్సింది

బడ్జెట్ ఫోన్ రివ్యూల్లో కెమెరా, బ్యాటరీ పక్కన ఇంకో మూడు లైన్లు ఉండాలి. ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌తో వస్తుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని కంపెనీ రాసి ఇచ్చింది, పైన గీసిన ఏపీకే చెట్టులో ఎన్ని ఆకులను ఆ ఫోన్ తనంతట తానే కోస్తుంది. పది వేల లోపు ఫోన్లకు నేను రాసే రివ్యూల్లో ఇకపై ఈ మూడూ ఉంటాయి. ఊళ్లో నాన్నకు పంపే ఫోన్ ఎంచుకునేటప్పుడు 108 మెగాపిక్సెల్స్ కంటే ఇవే ముఖ్యం.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లకు ఇంకా అవసరమైన మాట. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, లోపం మీదీ బ్యాంకుదీ కాకుండా వ్యవస్థలో ఇంకెక్కడో ఉన్నప్పుడు, లావాదేవీ సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెప్తే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెప్తే జన్‌ధన్ లాంటి బేసిక్ ఖాతాకు 5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 దాటి మీ నెత్తిన వేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. కాదని రుజువు చేసుకోవాల్సిన పని మీది కాదు.

ఆ ఫిర్యాదుతో పాటు ఒక తెల్లకాగితం మీద మీ చెట్టు గీసి జతచేయండి. పైన పోయిన మొత్తం, కింద డబ్బు పోగల దారులన్నీ, ఒక్కో ఆకు పక్కన దాన్ని ఆపగలిగేది ఎవరో. మీ పేరు రాయాల్సిన ఆకులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ కాగితం చూశాక ఏ కొమ్మ గుండా డబ్బు పోయిందో చెప్పాల్సింది కౌంటర్ అవతల కూర్చున్నవాళ్లు.